తెర వెనక తోడికోడలు

ఆమెను వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే వాళ్ళ దుకాణంలో గుడ్డ కత్తిరించేది ఆమె, మిషను తొక్కేది తోడికోడలు, కుట్టినవి బడుల్లో అప్పజెప్పి వచ్చేది మరిది. బడులు తెరిచే రోజులు దగ్గరపడితే కత్తెరమ్మ అన్నం కూడా నిలబడే తినేది. చర్చిలో స్త్రీల కూటం నడిపేదీ, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసేదీ ఆమే. ఈమధ్య ఆమెకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఎవరు పలకరించినా కసురుకుంటోంది.

తోడికోడలు మాత్రం మధ్యాహ్నం పని మంచి ఊపులో ఉండగా మిషను ఆపి, ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళి తెర లాక్కునేది. కాసేపటికి తేటపడ్డ ముఖంతో బయటికి వచ్చేది. ఆ తేటదనం చూస్తే కత్తెరమ్మకు ఒళ్ళు మండేది.

"ఏం చేస్తుందయ్యా లోపల మీ ఆవిడ?" అని ఒకరోజు మరిదిని నిలదీసింది.

"ప్రార్థన, వదినా."

"ఒక్క మాటైనా వినపడదేం?"

"నీ ప్రార్థనైతే వీధి చివరిదాకా వినపడుతుంది. అందరికీ ఆ గొంతు ఉండొద్దూ!"

అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆమెకు మాత్రం ఎక్కడో కాలింది. మోకాళ్ళు అరిగేలా ప్రార్థించింది తను. ప్రశాంతత పోయి పోయి దాని ఒళ్ళో వాలింది. దేవుడికి కూడా చిన్నకోడలే ముద్దా?

ఆ కసితోనే గుడ్డ పరిచింది. తోడికోడలు తెర తీసేలోగా చొక్కా చేతులన్నీ కత్తిరించి కుప్ప పోయాలని పంతం. తోడికోడలు వచ్చి కుప్పలోంచి రెండు తీసి జత చూసింది. ఇంకో రెండు తీసింది. ఆ గుడ్డకు ఒక వైపే మెరుపు, రెండో వైపు వెలవెల. కుడి ఎడమలు జతగా రావాలంటే మెరుపుకు మెరుపు ఆనేలా పరవాల్సింది పోయి, కత్తెరమ్మ అన్ని పొరలూ మెరుపు పైకే పరిచేసింది.

"అక్కా, ఇవన్నీ కుడి చేతివే."

తోడికోడలు మిగిలిన గుడ్డ కొలిచింది. "ఎడమ చేతులకు సరిపోతుందక్కా. ఇంకోసారి తప్పితే మాత్రం గుడ్డ లేదు, ఆర్డరూ ఉండదు. ఇప్పుడే కత్తెర పట్టకు."

"నా కత్తెర కూడా కావాలా నీకు?"

"నాకు చేతనైతే కదా! నువ్వే కత్తిరించాలి. కాస్త కూర్చుని లే, చాలు."

"కూర్చుని? నీలాగా? అసలు ఏం అడుగుతావే రోజూ దేవుణ్ణి?"

"ఏమీ అడగనక్కా. ఒక్కదాన్నే కూర్చుంటే మిషనే గుర్తొస్తుంది. ఆయన దగ్గర కూర్చుంటే రాదు. అంతే."

కత్తెరమ్మ విసురుగా లోపలికి వెళ్ళి తెర లాగింది. ముక్కాలిపీట మీద కూర్చుని, అలవాటుగా కూటం కోసం, రోగుల కోసం ప్రార్థన మొదలుపెట్టబోయింది. ఆ మాటల మీద మనసు నిలవలేదు. చివరికి లోలోపలే అనుకుంది: "ప్రభువా, అది నాకంటే బాగుంది. నేను ఓర్చుకోలేకపోతున్నాను." ఇన్నేళ్ళలో ఆయనతో ఇంత చిన్న మాట ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. భుజాలు వాటంతటవే కిందికి జారాయి.

బయట ఎవరో ఆమె కోసం వచ్చారు. "అక్క ప్రార్థనలో ఉంది, కూర్చోండి," అంటోంది తోడికోడలు, ఎక్కడా తొందర లేని గొంతుతో. ఆ గొంతు మీదా అసూయ పుట్టింది. లేచి వెళ్ళబోయి, ఆగి, అది కూడా ఆయనకే చెప్పుకుంది.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక తెర తీసి, మిగిలిన గుడ్డను నెమ్మదిగా పరిచింది. కత్తెర తీసుకుంది కానీ వెంటనే దాని నోరు తెరవలేదు.

"ఇలా వచ్చి ఒకసారి చూడవే," అంది. తను పరిచిన గుడ్డను సరిచూడమని ఆమె ఇంకొకరిని పిలవడం అదే మొదలు.