తాతయ్య బిగించిన బోల్టు

మా తాతయ్య గడియారాలు బాగుచేసేవాడు. ఆవగింజంత మరను ఊపిరి బిగబట్టి తిప్పే ఆ మనిషికి, కారు బోల్టు కనిపిస్తే మాత్రం పూనకం వచ్చేది. ఎప్పుడో నడిరోడ్డు మీద చక్రం ఊడి, కారును దాటి ముందుకు పరుగెత్తిందట. అప్పటినుంచి ప్రతి ప్రయాణానికీ ముందు స్పానర్ పిడి మీద నిలబడి బిగించేవాడు. తన బరువు చాలదని అనుమానం. అందుకని ఇంటిల్లిపాదినీ వరసగా ఎక్కించేవాడు. అమ్మమ్మ గోడ పట్టుకుని ఎక్కేది. చిన్నప్పటినుంచీ నేనైతే గెంతేదాన్ని. బిగించడమే తప్ప విప్పడం మా ఇంటా వంటా లేదు.

ఆ పాపం పండిన రోజున అమ్మమ్మకు డయాలసిస్ ఉంది. జ్వరం వల్ల అంతకుముందు ఒకసారి తప్పింది. కాళ్లు పొంగి చెప్పులు పట్టడం లేదు. మాట మాటకీ ఆగి గాలి కోసం వెతుక్కుంటోంది. ఈసారి కూడా తప్పితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. సరిగ్గా అదే రోజు ఊళ్లో ఆటోల, టాక్సీల సమ్మె. అంబులెన్సు సాయంత్రందాకా రాదన్నారు. అమ్మమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి చూస్తే, వెనక టైరులో మేకు దిగి గాలి మొత్తం పోయింది.

స్టెప్నీ ఉంది. చక్రం విప్పడమే ఆలస్యం. మూడు బోల్టులు మూలుగుతూ వచ్చాయి. నాలుగోది కదల్లేదు. తాతయ్య నూనె పోశాడు, సుత్తితో మోదాడు, చివరికి స్పానర్‌కి నీళ్ల పైపు ముక్క తొడిగి గబ్బిలంలా వేలాడాడు. నేనూ వేలాడాను. స్పానర్ జారి ఇద్దరం మట్టిలో పడ్డాం. చూస్తే బోల్టు అంచులన్నీ అరిగి నున్నగా అయ్యాయి. ఇక దానికి పట్టే దొరకదు.

"ఎగిరెగిరి బిగించావు కదే," అన్నాడు నాతో.

"చప్పట్లు కొట్టింది నువ్వేగా తాతయ్యా," అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

అమ్మమ్మ కారు కిటికీలోంచి తాతయ్యతో, "రేపు వెళ్దాంలే. నువ్వు... ఇంట్లోకి పద," అంది.

తాతయ్య లేచి వెళ్లి, గడియారం చెవికి ఆనించుకున్నట్టు తల వంచి ఆమె ఊపిరి విన్నాడు. తిరిగొచ్చి, విప్పిన మూడు బోల్టులూ మళ్లీ పెట్టమన్నాడు. గాలి లేని చక్రంతో ఎలా వెళ్తామని అడిగాను.

"పోతే చక్రం పోతుంది," అన్నాడు.

ఆ కారు మీద కాకి రెట్ట వేస్తే ఆ పూట అన్నం సహించని మనిషి అన్న మాట అది. సందు దాటకముందే రబ్బరు పీలికలైంది. ఆపై వట్టి ఇనుము రోడ్డును గీకుతూ పెట్టిన కేకకు జనం చెవులు మూసుకున్నారు.

"నెమ్మదిగా... కారు పాడైపోతుంది," అంది అమ్మమ్మ.

"నోరు మూసుకుని ఊపిరి పీల్చుకోవే."

ఆసుపత్రిలో ఆమెను చక్రాల కుర్చీలో లోపలికి తోసుకెళ్లారు. నల్లటి చేతులతో వెంటపడిన తాతయ్యను నర్సు గుమ్మంలోనే ఆపి, కడుక్కుని రమ్మంది. కడుక్కోవడానికి వెళ్తే ఆ కాసేపట్లో ఎవరైనా వచ్చి ఏదైనా చెప్తారేమోనని ఆయన కదల్లేదు. చేతులు చొక్కాకు తగలకుండా గాల్లో పెట్టుకుని తలుపునే చూస్తూ నిలబడ్డాడు. కూర్చోమంటే వినిపించుకోలేదు.

చాలాసేపటికి నర్సు బయటికొచ్చి, ఆక్సిజన్ పెట్టామనీ, మిషన్ నడుస్తోందనీ చెప్పింది.

"మాట్లాడుతోందా?" అన్నాడు తాతయ్య.

"మాట్లాడటమా? కారు నాశనం చేశారని మిమ్మల్ని తిడుతున్నారు."

తాతయ్య గోడకు జారగిలబడి నేల మీద చతికిలబడ్డాడు.