లేని జ్వరానికి చేసిన ప్రార్థన

ఆ రోజుల్లో సైబరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు రెండు క్యాలెండర్లు ఉండేవి. ఒకటి గోడకు వేలాడేది, రెండోది టీ కొట్టు దగ్గర జనం నోళ్లలో నడిచేది. రేపు బంద్ ఉందా, రాస్తారోకో ఉందా, బస్సులు డిపో దాటతాయా లేదా అని ఆ రెండో క్యాలెండరు అడిగి తెలుసుకున్నాకే బట్టలు ఉతుక్కోవడం దగ్గర్నుంచి పెళ్లిళ్లకు వెళ్లడం దాకా అన్నీ నిర్ణయించుకునేవాళ్లం. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. నాకేమో ఇరవై నాలుగేళ్లు. మొదటి ఉద్యోగం, మెడలో కంపెనీ బిళ్ల, లోకంలో నాకు తెలియనిదంటూ ఏమీ లేదన్న ధీమా. (ఆ బిళ్ల కూరగాయలకు వెళ్లినప్పుడు కూడా మెడలోనే ఉండేది. బెండకాయలమ్మే ఆవిడ ఒకసారి దాన్ని చూసి, "కరెంటు బిల్లుకొచ్చినవా అన్నా?" అని అడిగింది.)

మాది ఒంగోలు పక్కన ఒక పల్లె. కొండాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, వేరే కంపెనీలో పనిచేసే కడప కుర్రవాడితో కలిసి ఉండేవాణ్ణి. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి కడపన్న అని పిలిచేవాణ్ణి. అతను శనివారం తలంటుకుని, నామం పెట్టుకుని, వేంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకునేవాడు. నేను ఆదివారం హఫీజ్‌పేట్‌లో ఒక టైలరు షాపు మీది హాల్లో జరిగే మా చిన్న సంఘానికి ఆరాధనకు వెళ్లేవాణ్ణి. మా ఇద్దరికీ దేవుళ్ల దగ్గర ఎన్నడూ పేచీ రాలేదు, ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్న దగ్గరే వచ్చేది.

మా సంఘానికి కాపరి అయిన అయ్యగారి ప్రాణం నేను కొన్ని నెలలుగా తీస్తున్నాను, ఒక్క ఆదివారం నాకు వాక్యం చెప్పే అవకాశం ఇమ్మని. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ వారం ఆయన బంధువుల ఇంట్లో పెళ్లికని రాజమండ్రి వైపు వెళ్లారు. ఇక్కడ సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. గురువారం ఫోను చేసి, "ఏం బాబూ, అడిగావుగా, ఇక నీదే భారం. పొలంలో దొరికిన ధనం, వెలలేని ముత్యం, ఆ రెండు ఉపమానాలూ చెప్పు. ఎక్కువ చెప్పబోకండి, చాలు," అన్నారు. (చివర్లో నన్ను మన్నించి 'అండి' అన్నారో, భయపడి అన్నారో ఇప్పటికీ తెలియదు.)

ఆ ఉపమానాలు చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్నవే. ఒకడు పొలంలో దాచిపెట్టిన ధనాన్ని కనుక్కుంటాడు. దాన్ని మళ్లీ పూడ్చిపెట్టి, వెళ్లి తనకున్నదంతా అమ్మేసి ఆ పొలం కొంటాడు. ఇంకొకడు ముత్యాల వర్తకుడు. జన్మంతా వెతికి ఒకే ఒక్క గొప్ప ముత్యం చూస్తాడు, వాడూ ఉన్నదంతా అమ్మి దాన్ని కొనుక్కుంటాడు. విశ్వాసం అంత విలువైనదని, దాని ముందు మిగిలినవన్నీ దిగదుడుపేనని తాత్పర్యం. అయిదు నిమిషాల్లో చెప్పగలిగిన ఆ సంగతికి నేను రెండు రాత్రులు కూర్చుని ఇరవై రెండు స్లైడ్లు తయారు చేశాను. "పెట్టుబడి", "రిస్కు", "దీర్ఘకాలిక లాభం" అని శీర్షికలు. ఒక స్లైడులో ముత్యం గిరగిరా తిరుగుతూ వచ్చి మధ్యలో మెరిసేది. ఆ మెరుపు చూసుకుని నేనే రెండుసార్లు మురిసిపోయాను.

కడపన్న మంచం మీద పడుకుని అంతా చూసి, "ఒరే, ఆ మడిసి ఉండేదంతా అమ్ముకునె గదా. ముత్యం చేతిలో పెట్టుకోని కూచుంటే రేప్పొద్దున ఏం తింటాడు ప్పా?" అన్నాడు.

"అది ఉపమానం అన్నా. అలా అడక్కూడదు."

"అడక్కూడదంటే ఎట్ల? నాకు వచ్చిన అనుమానం ఆడికొచ్చినోళ్లకు రాదా? రేపు నేనూ వస్తా. బండి మీద దింపుతా. నువ్వేం చెప్తావో చూస్తా."

అంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. బంద్‌ల వల్ల పోయిన పనిరోజులకు బదులుగా ఆ ఆదివారం మా ఆఫీసు పనిచేస్తుందని శనివారం మధ్యాహ్నం కబురొచ్చింది. మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు డెడ్‌లైన్ సార్. ఆయన్ను సెలవు అడగడమంటే పులి నోట్లో పళ్లు లెక్కపెట్టడమేనని మా టీములో అందరి నమ్మకం. అందుకని ఆదివారం పొద్దున్నే గొంతు బొంగురు చేసుకుని, దుప్పటి కప్పుకుని మరీ (ఫోనులో దుప్పటి కనపడదని అప్పుడు తట్టలేదు) "సార్, వంద దాటి జ్వరమండి, లేవలేకపోతున్నానండి," అన్నాను. ఆయన, "సరే, రెస్టు తీసుకో," అన్నారు. విశ్వాసపు విలువ గురించి ఊరందరికీ చెప్పబోతున్న మహానుభావుణ్ణి కదా, దుప్పటి తీసేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరో స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన ప్రొజెక్టరు సంచీలో వేసుకుని బండెక్కాను.

హాల్లో చూద్దును కదా, టైలరు షాపాయన, ఆయన భార్య, ఇద్దరు నర్సమ్మలు, అంతే. మామూలుగా నలభై మంది వచ్చేవాళ్లం. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పైగా కరెంటు లేదు, సమ్మె వల్ల కోతలు. ప్రొజెక్టరు మూగదైపోయింది. నాకు లోపల్లోపల ఒక హాయి మొదలైంది. "జనం లేరు కదండీ, ఒక ప్రార్థన చేసుకుని ముగిద్దామాండీ?" అని టైలరుగారిని అడుగుతుండగానే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

బాలానగర్ పెద్దమ్మ. బోల్టులు చేసే ఒక చిన్న కార్ఖానాలో పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషి. అరవై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్ల నిండా ఎర్రదుమ్ము. ఒక చేతిలో చెప్పు, రెండో చెప్పు కాలికి. తెగిపోయినట్టుంది.

"అయిపోయిందా బిడ్డా? పొద్దుగాల ఏడింటికి బయలెల్లిన. జర దూరమే గద," అని గోడకు ఆనుకుని కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. నర్సమ్మ నీళ్లిస్తే గుటగుటా తాగి, "ఇగ చెప్పు," అంది.

తొమ్మిది పది కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషికి ప్రార్థన చేసి పంపేస్తానని చెప్పడానికి నోరు రాలేదు. లేచి నిలబడ్డాను. స్లైడ్లు లేకపోతే నాకు ఏమీ గుర్తులేదని అప్పుడు తెలిసింది. "పొలంలో ధనం ఉపమానమండి... విశ్వాసమనేది... ఒక విధంగా... పెట్టుబడి లాంటిదండి," అన్నాను. కడపన్న వెనక కుర్చీలో చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో మేనమామలా నన్నే చూస్తున్నాడు. "అంటే రిస్కు ఉంటుందండి..." అన్నానో లేదో నా జేబులో ఫోను మోగింది. డెడ్‌లైన్ సార్.

తీయకపోతే అనుమానం వస్తుందని భయం. తీశాను. మూలకు వెళ్లి, గోడవైపు తిరిగి, ఖంగు ఖంగున దగ్గి, "సార్... ఇంకా తగ్గలేదండి... కాలిపోతుందండి ఒళ్లు," అన్నాను. సార్ ఏదో ఫైలు ఎక్కడుందని అడిగారు, చెప్పాను. పెట్టేసి ఇటు తిరిగితే, పెద్దమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. కళ్లనిండా కంగారు.

"జరమొచ్చిందా బిడ్డా? జరంతోని వచ్చినవా వాక్యం చెప్పెటందుకు? అయ్యో, నేను నడిసొచ్చిన అని గొప్పలు పోతి. కూసో, కూసో."

"అది కాదండి పెద్దమ్మా..."

వింటేనా! నన్ను కుర్చీలో కూలేసి, బోల్టులు పట్టి పట్టి మొద్దుబారిన అరచేయి నా నెత్తిన పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ, గీ పిలగాడు నీ పని మీద జరంతోని వచ్చిండు. తల్లి దూరముంది. నువ్వే చూసుకోవాలె..." నర్సమ్మలిద్దరూ, టైలరు దంపతులూ ఆమెన్, ఆమెన్ అంటున్నారు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే కడపన్న నోట్లో చేతిరుమాలు కుక్కుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. ప్రార్థన అయిపోయింది. పెద్దమ్మ నా నుదురు తడిమి చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"సల్లగున్నది! ఏ, సూడున్రి, సల్లగైంది! దేవుడు ఇన్నడు!"

నా బతుకులో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను, ఆ సంతోషం చూసి మళ్లీ మూసుకున్నాను. "ఇగ చెప్పు బిడ్డా," అని ఆమె మళ్లీ గోడకు ఆనుకుంది. "ఒక్కటి అడుగుత. పొలం కొన్నాయన ఉన్నదంత అమ్మిండు గద. ఏడ్సుకుంట అమ్మిండా, నవ్వుకుంట అమ్మిండా? గది చెప్పు ముందుగాల."

ఇరవై రెండు స్లైడ్లలో ఆ సంగతి ఎక్కడా లేదు. గ్రంథం తెరిచి వెతికాను. ఉంది. అతను సంతోషంతో వెళ్లాడని ఉంది. ఎన్నిసార్లు చదివానో, ఆ మాట మీద నా కన్ను ఒక్కసారీ ఆగలేదు. "సంతోషంగానే అండి," అన్నాను.

"మరి గది చెప్పవేంది?"

ఇక కడపన్న ఆగలేకపోయాడు. "అది సరే పెద్దమ్మా, అన్నీ అమ్ముకున్నాక ఏం తింటాడు మరి?"

పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది. "నా సంగతి చెప్త ఇను బిడ్డా. మా బస్తీల నల్లా కాడ మొదటి బిందె నాదే ఉంటుండె. ఎందుకంటవ్? నా నోరు. నేను తిట్టుడు సురు చేస్తే మొగోళ్లు గుడ తలుపు పెట్టుకునేటోళ్లు. ఇల్లు లేదు, జాగ లేదు, గా నోరే నాకున్న ఆస్తి. దేవుణ్ణి నమ్ముకున్నంక గది ఇడిసిపెట్టిన. ఇప్పుడు ఆఖరుకు నిలబడత. ఎండకాలం ఒక్కోపారి నా బిందె కాడికి వచ్చేసరికి నల్లా బందయితది."

"అట్లైతే నీళ్లకేం చేస్తావు?"

"ఒకప్పుడు నేను తిట్టినోళ్లే తలో చెంబు పోస్తరు. మొత్తం బస్తీ నాతోని మాట్లాడుతది ఇప్పుడు. గా బిందెకు పరేషాన్ అయితనా?"

ఆ పూటకు వాక్యం అదే అయింది. టైలరుగారి భార్య సన్నగా ఒక పాట ఎత్తుకుంది, అందరం పాడాం. తర్వాత నేను నిలబడి, నాకు జ్వరం రాలేదని, సెలవు కోసం అబద్ధం చెప్పానని ఒక్క గుక్కలో చెప్పేశాను. పెద్దమ్మ ఆలోచించి, "అందుకే గంత జల్ది తగ్గింది," అంది. హాలంతా నవ్వులే నవ్వులు. "నవ్వుడు తర్వాత. మీ సారుకు చెప్పు పో," అని ఆమే ఫోను నా చేతిలో పెట్టింది.

చెప్పాను. డెడ్‌లైన్ సార్, "చర్చికి వెళ్లాలని అడిగుంటే పూట సెలవు ఇచ్చేవాణ్ణి కదయ్యా. ఇద్దరికి ఇచ్చాను కూడా. మేమేమన్నా రాక్షసులమా? రెండింటికల్లా వచ్చి పని చూసుకో," అన్నారు. తిట్టుంటే బాగుండేది. ఆయన నిజంగా నొచ్చుకున్నారు.

కడపన్న బండి పెద్దమ్మను బాలానగర్ చేర్చడానికి కావాల్సి వచ్చింది. ఆమె మొదట ఒప్పుకోలేదు. ఎక్కాక మాత్రం అతని భుజం గట్టిగా పట్టుకుని, "జర జోరుగ పోనియ్," అనడం నా చెవులారా విన్నాను. నేను నడక మొదలుపెట్టాను. కొండాపూర్ దాటేసరికి రోడ్డుకడ్డంగా ఉద్యమం వాళ్ల వంటావార్పు నడుస్తోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, పాటలు, బంతుల్లో కూర్చున్న జనం. నా 'అండి' ఎక్కడ పట్టిస్తుందోనని మామూలుగా అయితే నేను గల్లీల్లోంచి తప్పుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఒకాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్నా, ఏ ఊరు మనది?"

వరంగల్ అని నాలిక చివరిదాకా వచ్చింది. పొద్దున్నించీ ఆడిన అబద్ధాలు చాలనిపించి, "ఒంగోలండి," అన్నాను. గరిటె పట్టుకున్న పెద్దాయన నన్ను పరకాయించి చూశాడు.

"ఆంధ్రోడివా? ఎండల నడుస్తున్నవ్, తిన్నవా మరి?"

"లేదండి."

"ఏయ్, ఈ అన్నకు ఆకెయ్యుండ్రి! పప్పుల కారం ఎక్కువనే ఉంటది, తింటవా?"

తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు తక్కువయితే రుమాలుకే తుడుచుకుని, కారానికి కారే ముక్కు ఎగబీలుస్తూ, ఆఫీసు దాకా ఏదో కూనిరాగం తీసుకుంటూ నడిచాను. ఆ ఏడాది నాకు ప్రమోషను రాలేదు. అయ్యగారు మళ్లీ వాక్యం చెప్పమనీ అడగలేదు. ఆ రెంటికీ నేను నొచ్చుకున్నట్టు గుర్తులేదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీదే రోజూ కారులో వెళతాను, అద్దాలు ఎక్కించుకుని. ముందు బండి కాస్త ఆగితే హారన్ కొడతాను. చినుకు పడితే ఆదివారం ఆరాధన ఇంట్లో ఫోనులోనే చూసేస్తాను. ఒక్కోరోజు ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పసుపంటిన వేళ్లతో ఎండలో నడిచిపోయే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఒకడు గుర్తొస్తాడు. వాడి దగ్గర ఆ పూట ఏమీ లేదు, మంచిపేరు కూడా లేదు. అంత సంతోషం వాడికెలా వచ్చిందా అని నవ్వుకుని, వెనకవాడు హారన్ కొట్టేదాకా అక్కడే ఆగిపోతుంటాను.