బాబాయి రికార్డు చేసిన ఐదో మాట

మా బాబాయి పోయినప్పుడు మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టారు. పెట్టినవాళ్లను తప్పుపట్టను, మాలో అలాగే రాస్తాం. కానీ ఆయన సరిగ్గా నిద్రపోయి రెండేళ్లయింది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కుర్చీలో కూర్చుని, ముందున్న బల్ల మీద దిండు వేసుకుని, దాని మీద తల వాల్చేవాడు. పోయిన రోజు తెల్లవారుతూనే పిన్ని ఫోన్ చేసి ఒక్క ముక్కే చెప్పింది. "మీ బాబాయికి ఊపిరి అందలేదే అమ్మాయ్."

ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే చోట పనిచేశాడు. పాలిష్ అయిన పలకల్ని వెలుతురుకి వాల్చి చూసి, గీత ఉన్నవి ఒక పక్కకీ లేనివి ఒక పక్కకీ వేరుచేయించడం ఆయన పని. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని గుంటూరులో డాక్టరుగారు ఎక్స్‌రే చూపిస్తే, ఆ ఫిల్మును అలవాటుకొద్దీ కిటికీ వైపు ఎత్తి చూశాడు. "ఇది సెకండు క్వాలిటీ అండీ, ఎవరూ కొనరు" అన్నాడు. డాక్టరుగారు నవ్వలేదు. మేమూ నవ్వలేదు.

పని మానేశాక ఇంట్లో కూర్చున్న మనిషికి టీవీ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా అందరిలా చూడలేదు. ఒంగోలులో పాత కంప్యూటర్ ఒకటి కొని, డిష్ పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య అరచేతిలో పట్టేంత రికార్డింగు పెట్టె తగిలించాడు. హెచ్‌డీలో వచ్చేవే చూసేవాడు, నచ్చినవి దాచేవాడు, ప్రకటనలు కత్తిరించేవాడు. డిస్కు నిండిపోతే ఏది తీసెయ్యాలా అని పిల్లకి సంబంధం వెతుకుతున్నంత ఆలోచన చేసేవాడు. "మసక బొమ్మ చూడటం కన్నా కళ్లు మూసుకుని వినడం నయం. చూస్తే మాత్రం మనిషి మనిషిలాగా కనపడాలి" అనేవాడు.

రికార్డింగు నడుస్తుంటే ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, వోల్టేజీ పడిపోతుందని. పిన్ని రోట్లో పచ్చడి నూరుకునేది. "మీ బాబాయి టెక్నాలజీ పుణ్యమా అని నేను మా అమ్మమ్మ కాలానికి పోయా" అనేది. పక్క గదిలోంచి ఆయన దగ్గు వినిపించేది. అది దగ్గో నవ్వో పోల్చుకోవడం మాకు ఆలస్యంగా అలవాటైంది.

పిన్ని గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. ఆమె సంఘంలో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చెయ్యడం, ఆసుపత్రి వరండాలో రోగుల పక్కన కూర్చోవడం, మిరప కోతల రోజుల్లో కూలీల మధ్యకెళ్లి నాలుగు మాటలు చెప్పడం ఆమె పని. ముప్ఫై ఏళ్లు పైగా మాట్లాడింది గానీ నిరుటి దాకా వేదిక మీద మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు. వేదిక పాస్టరు అయ్యగార్లది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. బాబాయి మాత్రం "మీ పిన్ని చెబితే గేదె కూడా మేత ఆపి వింటది. వీళ్లకి వినపడదు" అని అప్పుడప్పుడూ గొణిగేవాడు.

నిరుడు గుడ్ ఫ్రైడేకి ఒంగోలు సంఘాలన్నీ కలిసి ఆరాధన పెట్టాయి. ఆ రోజు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు వరసగా ప్రసంగిస్తారు. ఐదోది దాహం గురించిన మాట. అది పిన్నికి ఇచ్చారు. ఒక చానెలు ప్రత్యక్ష ప్రసారం చేస్తుందని తెలిశాక బాబాయి వారం రోజులు మనిషి మనిషిలా లేడు. ఆ చానెలువాళ్లు తర్వాత ఇంటర్నెట్‌లో పెద్దపెద్ద అయ్యగార్ల ప్రసంగాలే ఉంచి మిగతావి తీసేస్తారు. పిన్ని మాట మిగలాలంటే బాబాయి కంప్యూటర్‌లోనే మిగలాలి.

రికార్డింగు సమయానికి ఆయనకి ఒక లెక్క ఉండేది. "మనోళ్ల కూటానికి పైన ఒక గంట కలుపుకోవాలే. మైకు పట్టుకున్నోడికి గడియారం కనపడదు" అనేవాడు. ఆ రోజూ అలాగే కలుపుకున్నాడు. అయినా సరిపోలేదు.

మూడో మాట నడుస్తుండగా మా ఊరంతా కరెంటు పోయింది. బాబాయి ముక్కుకి పైపుతో గాలి అందించే ఆక్సిజన్ మిషనూ, కంప్యూటరూ, టీవీ అన్నీ ఒక్క ఇన్వర్టరు మీదే. బ్యాటరీ పాతది. కరెంటు లేనప్పుడు వాడే ఆక్సిజన్ సిలిండరు నింపడానికి పంపితే ఇంకా రాలేదు. ఆ సంగతి తెలుసు కాబట్టి కరెంటు పోయాక కాసేపు చూసి, రాకపోయేసరికి నేను పక్క వీధిలోంచి బయల్దేరాను. నా ఫోన్‌లో నాలుగో మాట చెప్పే ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. ముగిస్తున్నానంటాడు, ముగించడు. మా దగ్గర అది మామూలే. అందరం కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటాం, అంతే. ఆ రోజు ఆయన సాగదీసిన ప్రతి నిమిషమూ మా బాబాయి బ్యాటరీలోంచి పోయింది.

నేను వెళ్లేసరికి బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టరు కుయ్ కుయ్‌మంటోంది. ఆక్సిజన్ మిషను ప్లగ్గు పీకేసి నేల మీద ఉంది. తెర మీద పిన్ని నిలబడి ఉంది. బాబాయి రెండు చేతులూ బల్లకి ఆనించి, నోరు తెరిచి, భుజాలతో ఊపిరి లాక్కుంటున్నాడు. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి.

"బాబాయ్, ఏంటిది!" అని ప్లగ్గు అందుకోబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఆ ఒంట్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"పెడితే... రెండూ... ఆగిపోతయ్" అన్నాడు. "అయిపోవస్తంది... ఉండవే."

పిన్ని మిరప కోతల గురించి చెబుతోంది. రోజంతా కాయ కోసిన చేతులు మండుతుంటే దోసిలి పట్టి నీళ్లు తాగలేరనీ, కళ్లు తుడుచుకోలేరనీ, ఇంకొకరు చెంబెత్తి నోట్లో పోస్తేనే దాహం తీరేదనీ చెబుతోంది. "ఎవుడి దాహం ఆడు తీర్చుకోలేడు అయ్యలారా" అంది. తెర మీద ఆమె పై పెదవి మీది చెమట కూడా కనిపిస్తోంది. బాబాయి కళ్లు ఆర్పలేదు. ఆమె ఆమెన్ అన్నాక తనే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు వైపు వేలు చూపించాడు. నేను పెట్టాను. మిషను మొదలయ్యాక కూడా ఆ రంగు చాలాసేపు తగ్గలేదు.

"మీ పిన్నికి చెప్పమాక" అన్నాడు. నేను ఆ సాయంత్రమే చెప్పేశాను. ఇలాంటివి దాచడం నాకు చేతకాదు.

ఆరాధన నుంచి వచ్చిన పిన్ని ఆ తెల్లచీరతోనే గుమ్మంలో కూర్చుండిపోయింది. బాబాయి వైపు తిరిగి అంది. "నా మాట వినటానికి నీ ఊపిరి మానుకుంటావా? అట్టయితే ఆ మాట నాకెందుకయ్యా? ఇంక నేనెక్కడా నిలబడను."

"నిలబడవే. నిలబడాలనే గదా ఇదంతా" అని ఆయన.

ఆమె నిలబడలేదు. ఈ ఏడు మళ్లీ పిలవడానికి వచ్చినవాళ్లకి మజ్జిగ ఇచ్చి పంపేసింది. బాబాయి బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. ఏదీ పనిచెయ్యలేదు. ఆయన ఆ రికార్డింగు పెట్టుకున్నప్పుడల్లా ఆమె పెరట్లోకి వెళ్లిపోయేది. ఒక్కసారీ చూడలేదు. ఆమెను అందరి ముందూ నిలబెట్టాలని ఆయన చేసిన పనే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపం ఉంది. ఆ కోపం పక్కనే, ఒక మనిషిని అంత శ్రద్ధగా చూడొచ్చని నాకు చూపించినందుకు కృతజ్ఞత కూడా ఉంది. రెండూ ఒకదాన్నొకటి తగ్గించడం లేదు.

సమాధి అయ్యాక పిన్నిని ఓదార్చడానికి ఇంట్లో ఆదరణ కూటం పెట్టారు. అయ్యగారు ప్రార్థన చేసి, "అమ్మా, మీరు రెండు మాటలు చెప్పండి" అన్నారు. పిన్ని తల అడ్డంగా ఊపింది. లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. "అదెక్కడుందో పెట్టవే అమ్మాయ్" అంది నాతో. పెట్టాను.

గది నిండా జనం. తెర మీద పిన్ని మొదలుపెట్టింది. కింద కూర్చున్న పిన్ని తనని తాను మొదటిసారి చూస్తోంది. మిరప కూలీల చేతుల దగ్గరికి వచ్చేసరికి చటుక్కున లేచింది. తట్టుకోలేక బయటికి పోతోందనుకుని అందరం దారి ఇచ్చాం. ఆమె బయటికి పోలేదు. బాబాయి కుర్చీ దగ్గరికి వెళ్లి, వంగి, ఆక్సిజన్ మిషను ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. పైపును బల్ల మీది దిండుపై సరిగ్గా ఉంచింది. మళ్లీ వచ్చి కూర్చుని చూడసాగింది.

మిషను గుర్రుమంటూ నడుస్తోంది. దిండు మీద పైపులోంచి సన్నగా గాలి వస్తోంది. తెర మీద పిన్ని చివరిదాకా మాట్లాడింది.