అవ్వ అంత గట్టిగా ఎందుకు పాడేదంటే

తొమ్మిది రోజులు మా ఆఫీసోళ్లు నన్ను ఆమె దగ్గరికి పోనియ్యలేదు. పదో రోజు, మొన్న బుధవారం, ఆమె చనిపోయింది. వయసైపోయింది, పోయిందిలే అని ఊర్లో అనుకుంటాండారు. వయసు కాదు. నీళ్లు తాగక పోయింది.

కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో మంచాన పడినోళ్ల ఇండ్లకు పోయి చూసుకునేది నా పని. ఒళ్లు తుడవాల, పక్కకు తిప్పాల, వీపు పుండ్లు పడకుండా చూడాల. చదువు తొమ్మిదితో ఆగింది, తక్కిందంతా ఆ మంచాల దగ్గర నేర్చుకున్నదే. అవ్వ అంటాండా గానీ ఆమె నాకు చుట్టం కాదు. పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది. కూతురు తెల్లారకముందే కూలికి పోయి పొద్దుగూకినాక వచ్చేది. అంతవరకూ ఆ ఇంట్లో అవ్వ, తిరిగే ఫ్యాను, గోడకు చర్చి క్యాలెండరు. పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి నేను.

మొదటి రోజు పోతానే చంకల కింద చేతులేసి లేపబోయినా. బాగుండే కుడి చేత్తో నా చెయ్యి మీద ఒక్కటేసింది.

"ముందు మాట్లాడు మే, తర్వాత ముట్టుకో. నేనేమన్నా శెనక్కాయల మూటనా?"

ఆ పొద్దు నుంచి ఏ ఇంటికి పోయినా "ఎత్తుతాండా" అని చెప్పి, వాళ్లు ఊ అన్నాకనే చెయ్యి వేస్తా. ట్రైనింగులో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

కూతురు పోతా పోతా మంచం పక్కన చెంబు నిండా నీళ్లు పెట్టేది. నేను పోయేసరికి అది అట్లనే ఉండేది. పెదాలు పగిలినా అవ్వ తాగేది కాదు. రాత్రి కూతురు తాపితే రెండు గుక్కలు, అంతే.

"దప్పిక కాదా అవ్వా?"

"అయితాది. తాగితే ఉచ్చొస్తాది. ఎవరెత్తాల, నువ్వు పంపిస్తావా మనిషిని? కాలూ చెయ్యీ పడిపోయినాయి గానీ నా సిగ్గు పడిపోలేదు."

బట్ట తడిసి గంటలు గంటలు పడుకునేదానికంటే నోరెండబెట్టుకునేది మేలని ఆమె లెక్క. కూతురికి చెబుతానంటే ఒట్టు పెట్టించుకుంది. "దానికి తెలిస్తే కూలి మానుకొని ఈడనే కూచుంటాది. ఇద్దరం ఏం తినాల?"

అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను పోతానే ముందు గ్లాసుడు నీళ్లు. తల దువ్వి, కాలు చెయ్యి ఆడించి, ఇంకో గ్లాసు. పోయే ముందర బెడ్‌పాన్. అది పెట్టి దుప్పటి కప్పి నేను గోడపక్కకు తిరుక్కోవాల. అప్పుడు అవ్వ గొంతెత్తి చర్చి పాట మొదలుపెట్టేది, చప్పుడు పక్కింటికి వినపడకుండా. పాట ఆగిందంటే పని అయిపోయినట్టు. ఇది తెలీని పాస్టరయ్య ఒక ఆదివారం, మంచంలో ఉండి కూడా దినామూ రెండుపూటలా దేవుణ్ణి స్తుతిస్తాండాదని అవ్వను చర్చిలో పొగిడినాడంట. అది విని అవ్వ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "దేవునికి తెలుసులే మే, నేనెందుకు పాడతాండానో."

మే నెల ఎండల్లో మా సారు నన్ను ఆఫీసులో కూచోబెట్టినాడు. మండలంలో మంచాన పడినోళ్లు ఎంతమందని సర్వే అంట, పేర్లు ఎక్కించాలంట. వాళ్లను లెక్కబెట్టేదానికి వాళ్లనే వదిలేయమన్నారు.

"సార్, నేను పోకపోతే ఆమె నీళ్లు తాగదు" అన్నా.

"ఏమమ్మా, ఆమేమన్నా చంటిబిడ్డా? చెంబు పక్కన పెట్టి పొమ్మను కూతుర్ని" అన్నాడు. చుట్టూ ఉండే మగోళ్లు నవ్వినారు.

ఆడ చెప్పాల నేను, ఎందుకు తాగదో. ఉచ్చ అనే మాట అంతమంది మగోళ్ల ముందర నా నోట్లోంచి రాలేదు. రోజూ ఎత్తిపోసేదాన్ని, ఆ మాట చెప్పేదానికి సిగ్గుపడినా. ఆమెకు వేసిన ఒట్టు ఒకటి అడ్డం పెట్టుకున్నా. సారు మీద నాకెంత కోపముండాదో నా మీద అంతే ఉండాది.

కూతురు ఫోన్ చేసినప్పుడు నేను పేర్లు ఎక్కిస్తాండా. "ఒంట్లో చుక్క నీరు లేదంట పాపా, ఆలస్యం చేసినారన్నాడు డాక్టరు. చెంబు దినామూ నింపి పెట్టే పోయినా, తాగలేదేమంటే దప్పిక లేదనేది" అని ఏడ్చింది. సమాధి కాడ పాస్టరయ్య మళ్లీ ఆ పాటల గురించే చెప్పినాడు. నవ్వేదానికి పక్కన అవ్వ లేదు. ఒట్టు తీరిపోయిందనుకొని నిన్న కూతురికి అంతా చెప్పినా. విని, "రాయి, అందరికీ తెలియాల" అనింది.

పదింటికి ఆఫీసుకు పోయేటప్పుడు బండి ఇంకా ఆ సందు దగ్గర నెమ్మదిస్తాది. గేరు మార్చి ముందుకు పోతా. ఎవరితో చెప్పుకోవాలో తెలీదు.

అదే రోడ్డు మీద ఇంకో ఇల్లుండాది. ఎర్రగుంట్లలో సిమెంటు మూటలెత్తతా లారీ మీద నుంచి పడి నడుము పోగొట్టుకున్నాయన ఉంటాడు. నన్నింకా సర్వే నుంచి వదల్లేదు. నిన్న ఆఫీసుకు చెప్పకుండా పోయి చూసినా. "నీళ్లు తాగినావా అన్నా?" అంటే మొగం గోడపక్కకు తిప్పుకున్నాడు.

సార్, ఈసారి సిగ్గుపడను. ఆయన ఉచ్చ పోసుకునేదానికి పొద్దున ఎవరొస్తారు, మధ్యాహ్నం ఎవరొస్తారు? పేరు, టైము కాగితం మీద రాసి, సోమవారం పొద్దున పదింటిలోపల నా చేతికియ్యండి.