సోమవారం మాయమయ్యే తీగ

పాత సామాన్లు కొనుక్కుపోయే అతని త్రాసు మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. అందుకే పోయిన నెల అటక మీది అట్టపెట్టెను అతనికి అప్పగించే ముందు, మా అమ్మాయి ఎంత నవ్వినా వినకుండా, హాల్లో చాప వేసుకుని కూర్చుని ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి చూశాను. అలా చూడబట్టే అడుగున పాత చున్నీలో చుట్టిన ఒక సీడీ దొరికింది. దానికి అట్ట లేదు, బొమ్మ లేదు, మార్కర్‌తో ‘దీవి’ అని రాసి ఉంది, రాత నాదే. దాన్ని చూడగానే అందులోని కంప్యూటర్ ఆటకంటే ముందు మా పెద్దమ్మ కూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, గుర్తొచ్చింది. ఒకప్పుడు ఒకే గదిలో ఒకే దుప్పటి కింద పడుకున్న మేము, ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నా అనుకుని, భోజనాల దగ్గర వేర్వేరు వరసల్లో కూర్చుంటున్నాం.

మన ఈడు వాళ్లకు ఆనాటి అమీర్‌పేట గురించి వేరే చెప్పక్కర్లేదు. గోడలు కనిపించకుండా బోర్డులు, చేతిలో పాంప్లెట్ పెట్టందే కదలనివ్వని మనుషులు, మెట్ల మీద గుట్టలుగా చెప్పులు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన మేమిద్దరం డిగ్రీ అవగానే కలిసే వచ్చి, పంజాగుట్ట వెనక గల్లీలో ఒక గది తీసుకుని, ఒకే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాం. నేను కొత్తవాళ్లకు కంప్యూటర్ ఓనమాలు దిద్దించేదాన్ని, అక్క అకౌంట్స్ ప్యాకేజీ నేర్పేది. అక్కది ఎవరినైనా నమ్మే మనసు. నాది షేర్ ఆటోలో పక్కావిడ సంచీ మోకాలికి తగిలితే పర్సు తడుముకునే మనసు. ఇంటామె మా గదికి మాత్రమే నీళ్లు తక్కువ వదులుతుందని నా గట్టి నమ్మకం, అది అబద్ధమని ఈనాటికీ ఎవరూ రుజువు చేయలేదు.

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఆచారం ఉండేది. అక్క నేర్పే ప్యాకేజీ కొన్నది కాదు, నెల రోజులు వాడి చూడమని ఇచ్చే నమూనా. నెల దాటితే తెరుచుకోదు. అందుకని మా సార్ ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రతి సోమవారం పొద్దున బ్యాచ్ మొదలయ్యేలోపు కంప్యూటర్లన్నిటిలో తేదీని మళ్లీ అదే నెల ఒకటో తారీఖుకు తిప్పేయడం. నేను ఆదివారం ఊరికి పోయి సోమవారం మధ్యాహ్నం బస్సుకు వచ్చేదాన్ని గనక, తాళాలు అక్క దగ్గరే ఉండేవి, ఈ పని కూడా అక్కదే. ముందు అగరుబత్తి వెలిగించేది, తరువాత తేదీలు మార్చేది. బయట దసరా వచ్చినా సంక్రాంతి వచ్చినా మా కంప్యూటర్లకు మాత్రం ఎప్పుడూ నెల మొదటివారమే. అమీర్‌పేటలో ఈ ఉపాయం మా ఒక్కరిదే కాదనుకుంటాను.

దీవి ఆట నాకు ఫుట్‌పాత్ మీద సీడీలు పరిచి అమ్మే అతని దగ్గర దొరికింది. ఓడ వాళ్లు వదిలేసి పోయిన ఒక గుమాస్తా దీవిలో చిక్కుకుంటాడు. అక్కడి పాత దీపస్తంభం ఎక్కి దీపం వెలిగిస్తే ఓడ తిరిగి వస్తుంది, కథంతా అంతే. అయినా అలాంటి ఆటను నేను మళ్లీ చూడలేదు. తుపాకులు లేవు, చంపుకోవడాలు లేవు, తొందరపెట్టే గంటలు లేవు. నాసిరకం స్పీకర్లలోంచి అలల హోరు వినిపిస్తుంటే కింద బస్సుల హారన్లు మరిచిపోయేదాన్ని. దీవిలో ఒక ముసలమ్మ ఉండేది. మొదటిరోజు ఆమెకు ఒక చిన్న అబద్ధం చెబితే, ఎప్పుడో తరువాత ఆ మాటే ఎత్తి ఓరగా చూసేది. పరిచయం పాతబడేదాకా దీపం గది తాళంచెవి ఇచ్చేది కాదు. నాకు సరిజోడు మనిషి అనుకుని ముచ్చటపడ్డాను.

లోపాలూ తక్కువేం కాదు. ఆ గుమాస్తా కొత్త చెప్పులు కరిచినవాడిలా నడిచేవాడు. రాయి సందులో చీమంత అగ్గిపెట్టె కోసం తెరంతా మౌస్‌తో తడమాలి. ఆడినంతవరకు సేవ్ చేసి దాచుకోవడానికి ఒక్కటే చోటు, ఇంకొకరు మొదలుపెడితే మనది పోయినట్టే. ఏం చేయాలో చెప్పే పుస్తకం అసలు సీడీతో వచ్చేదేమో, ఫుట్‌పాత్ సీడీకి పుస్తకం ఎక్కడిది? స్తంభానికి మెట్లు కూలిపోయి ఉంటాయి కాబట్టి, మొదట్లో ఒక విత్తనం నాటితే అది తీగై పైకి పాకాలి, దాన్ని పట్టుకుని ఎక్కాలి. సాయంత్రం బ్యాచ్ వెళ్లిపోయాక ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లోనే రోజూ తెరిచి చూసేదాన్ని. తెరిచిన ప్రతిసారీ తీగ కాస్త పెరిగి ఉండేది, శనివారానికి సగం గోడ ఎక్కేది.

సోమవారం వచ్చి చూస్తే తీగ ఉండేది కాదు. ఉత్త మట్టి. ముసలమ్మ నన్నెప్పుడూ చూడనట్టు నువ్వెవరని అడిగేది. మళ్లీ నాటేదాన్ని, మళ్లీ శనివారానికి సగం గోడ, మళ్లీ సోమవారం మట్టి. సోమవారం పొద్దున తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో నాకు తెలుసు. పైగా నేను బ్యాంకు పరీక్షకు చదవకుండా ఆటల్లో పడ్డానని అక్క పెద్దమ్మతో అన్నదనీ, పెద్దమ్మ మా అమ్మతో అన్నదనీ కూడా తెలుసు. ఇక నా అనుమానానికి పట్టపగ్గాలు లేవు. నాచేత ఆట మాన్పించడానికే అక్క నాది చెరిపేసి కొత్తగా మొదలుపెడుతున్నదని తేల్చుకున్నాను.

నేత ఇంటి పిల్లను కదా, ఒక శనివారం సన్నని నూలుపోగు ఒకటి కీబోర్డు ఈ చివరినుంచి ఆ చివరికి అంటించి, మర్నాడు ఊరికి పోయాను. సోమవారం వచ్చేసరికి పోగు తెగి ఉంది. విద్యార్థులు నోట్సు రాసుకుంటున్నారని కూడా చూడకుండా అక్కను వరండాలోకి పిలిచి అడిగాను.

“తారీఖు మార్చిన, గంతే. నీ ఆట జోలికి నేనెందుకు పోతనే? నేను ముట్టనే లేదు” అంది అక్క.

పోగు తెగింది కదా అన్నాను నేను. అక్క “నా మీదనే పోగు పెట్టినవా చెల్లె?” అని క్లాసులోకి వెళ్లిపోయింది. ఆ వారంలోనే నేను పంజాగుట్ట గది వదిలి అమీర్‌పేటలో హాస్టల్‌కు మారాను. తరువాత వేరే ఉద్యోగం, పెళ్లి, పిల్ల. సీడీని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్‌లో ఏవో తంటాలు పడి దీవిని నడిపించింది. నాకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టుకుని రోజూ కాసేపు ఆడాను. ఈసారి తీగ ఆదివారం దాటినా, సోమవారం దాటినా పెరుగుతూనే పోయి దీపం గది కిటికీ అంచును అందుకుంది. చూశావా, అక్క లేకపోతే ఎంత బాగా పెరిగిందోనని మనసులో అనుకున్నాను కూడా. ఆ మర్నాడు తెరిస్తే ఉత్త మట్టి. ముసలమ్మ నువ్వెవరంది.

మా అమ్మాయిని కేకేశాను. నేను ముట్టనే లేదమ్మా అంది, అచ్చం అక్క అన్నట్టే. తరువాత తెర మూలకు వేలు చూపించింది. ల్యాప్‌టాప్ లోపలి బ్యాటరీ ఏదో చచ్చిపోయి తేదీ ఎప్పటికో వెనక్కి వెళ్లిపోయిందట, ఈ ఆట తేదీని చూసుకుని నడుస్తుందట. నువ్వు విత్తనం నాటిన రోజే దీని లెక్కలో ఇంకా రాలేదు, తీగ ఎక్కడినుంచి వస్తుంది అంది. తేదీ సరిచేసి మళ్లీ తెరిచింది. తీగ కిటికీ దాకా నిలబడి ఉంది, ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది.

నా అనుమానం నిజమే. ప్రతి సోమవారం నా తీగను లేకుండా చేసింది అక్క చెయ్యే. అక్క చెప్పిందీ నిజమే, తారీఖు మార్చింది, అంతే. ఒకే నిజానికి రెండు వైపులా నిలబడి ఇన్నేళ్లు మాటలు మానుకున్నాం.

ఫోన్ చేస్తే తీస్తుందో లేదో అనుకున్నాను, తీసింది. చెప్పిందంతా విని, ఆదివారం బేగంపేట నుంచి మెట్రోలో సర్వపిండి డబ్బా పట్టుకుని వచ్చింది. మోకాళ్ల నొప్పులట, మా మెట్లు ఎక్కి ఆయాసపడింది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ముసలమ్మ తాళంచెవి ఇచ్చింది, గుమాస్తా తీగ పట్టుకుని కుంటుకుంటూ ఎక్కాడు, దీపం వెలిగింది, దూరంగా చిన్న ఓడ కనిపించింది. తెర నల్లబడి పేర్లు రావడం మొదలైంది. అంత అందమైన ఆటకు ముగింపు మాత్రం పేలవం, ఆ మాట ఒప్పుకోవాలి. అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “గింతేనా? గిది చూసేతందుకేనా నువ్వు రూం ఇడిచిపెట్టి పోయింది?” అంది. నేను నవ్వబోయాను, ఏడుపొచ్చింది. అక్క నా వీపు నిమురుతూ సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది.

మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న మేడ ముందు ఇప్పుడు మెట్రో స్తంభం నిలబడింది, పైన ఏముందో కిందినుంచి కనిపించదు. కంప్యూటర్లు తమ తేదీని తామే సరిచూసుకుంటున్నాయి, సోమవారం పొద్దున అగరుబత్తి వెలిగించి తిప్పేవాళ్లు అక్కర్లేదు. ఎవరి యంత్రం వారిదే, ఎవరి పాస్‌వర్డ్ వారిదే. ఒకరి ఆటను ఇంకొకరు ముట్టుకునే వీలే లేదు, బహుశా మంచిదే. కానీ అనుమానించడానికైనా పక్కన ఒక మనిషి ఉండాలి కదా అని ఈమధ్య అనిపిస్తోంది.

వెళ్తూ వెళ్తూ అక్క వచ్చే ఆదివారం కూడా వస్తానంది. ఆట అయిపోయింది, ఇంక దేనికి వస్తుంది? వస్తుందని నాకైతే పూర్తి నమ్మకం లేదు. అయినా ఆ సాయంత్రమే ఆటను మొదటినుంచి తెరిచి, స్తంభం పక్క మట్టిలో మళ్లీ ఒక విత్తనం నాటాను.