ఎర్ర దారం, తెల్ల దారం

పై పళ్ళు రెండు ఊడిపోవడంతో సారంగపాణికి క్లారినెట్ దూరమైంది. హన్మకొండ బ్యాండుమేళంలో ఇరవై ఏళ్ళు ఊదిన మనిషి ఆయన. యజమాని వెంకట్రాజం మంచివాడే, పొమ్మనలేదు. పాటల సరిగమలు రాసిపెట్టిన కాగితాల ట్రంకుపెట్టె అప్పజెప్పి, ఏ పాట అడిగినా చిటికెలో దొరికేలా సర్దమన్నాడు. ఈ పని కూడా చేతకాదనిపించుకుంటే మేళంలో ఇక తనకు చోటుండదని సారంగపాణి భయం.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఎండాకాలమంతా ఆయనకు కుదురు లేదు. పెళ్ళి పాటలకు ఎర్ర దారం, చావు పాటలకు తెల్లది, దేవుడి ఊరేగింపుకు పచ్చది అనుకున్నాడు. అనుకున్నంత తేలికా అది? అమ్మ మీది పాట అప్పగింతలకూ పనికొస్తుంది, శవం ముందూ పనికొస్తుంది. పొద్దున ఎర్ర కట్టలో పెట్టిన కాగితం సాయంత్రానికి తెల్ల కట్టలోకి పోయేది. కంచం ముందు కూర్చున్నవాడు కూడా గభాల్న లేచిపోయి కట్టలు విప్పేవాడు. కాగితాలకు సంబంధాలు చూస్తున్నావా అని భార్య రాజేశ్వరి ఎగతాళి చేసింది. చివరికి విసిగి, ఒక కాగితానికి ఒకటే దారం అని తేల్చేసుకున్నాడు. వెంకట్రాజం తెగ మెచ్చుకున్నాడు. ఇక పెట్టె మొత్తం మోయనక్కర్లేదు, కావలసిన కట్ట ఒక్కటి పట్టుకుపోతే చాలు.

పరకాలలో మిర్చి వ్యాపారి రామలింగం చనిపోతే, అలాగే తెల్ల కట్ట ఒక్కటే పట్టుకుని వెళ్ళారు. పాడె లేపబోతుండగా ఆయన భార్య మల్లక్క సారంగపాణి దగ్గరకు వచ్చింది.

"తమ్మీ, మా పెండ్లిల ఎదుర్కోళ్ళప్పుడు నువ్వు ఊదిన పాట ఉన్నది సూడు, గది వాయించుండ్రి. ఆ పాటంటే ఆయనకు పానం."

ఆ కాగితం హన్మకొండలో, ఎర్ర కట్టలో ఉంది. మేళంలో కొత్తగా చేరినవాళ్ళకు కాగితం ఎదురుగా లేనిదే వేలు కదలదు. సారంగపాణికి మాత్రం ఆ పాట కంఠతా వచ్చు. కొత్త కుర్రాడి క్లారినెట్ పక్కనే ఉంది. కానీ ఈ తొర్రినోటితో అంతమందిలో ఊదితే నవ్వుతారని జంకాడు.

"కాగితం తేలేదక్కా" అన్నాడు.

ఆమె తిరిగి పాడె దగ్గరకు వెళ్ళింది. ఏదో పాటతో రామలింగాన్ని సాగనంపారు.

ఆ తర్వాత సారంగపాణి ఇంట్లో కూర్చోలేకపోయాడు, మేళం దుకాణంలో నిలవలేకపోయాడు. కాగితమట, కాగితం! అడిగింది పాటను కదా, కాగితాన్నా? తన మీద తనకే అసహ్యం వేసింది. దినాలు అయ్యాక క్లారినెట్ సంచిలో పెట్టుకుని ఒక్కడే పరకాల బస్సెక్కాడు.

మల్లక్క వాకిట్లో చాప వేసింది. సారంగపాణి కూర్చుని ఆ ఎదుర్కోళ్ళ పాట ఊదడం మొదలుపెట్టాడు. పళ్ళ సందులోంచి గాలి పోతోంది, స్వరం అక్కడక్కడా విరుగుతోంది. సిగ్గుతో మధ్యలోనే దించేశాడు.

"ఆపకు తమ్మీ" అంది మల్లక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మా ఆయన గూడ గిట్లనే పాడెటోడు. గాలి ఎక్కువ, రాగం తక్కువ."

ఏడుస్తూనే నవ్వింది. ఆయన చివరిదాకా ఊదాడు.

తిరిగివచ్చి, ఆ పాట కాగితానికి ఎర్ర దారం పక్కనే తెల్ల దారం కట్టాడు. రెంటికీ పనికొచ్చే పాటలు ఇంకెన్ని ఉన్నాయోనని మిగతా కట్టలన్నీ విప్పి ముందేసుకున్నాడు. అది చూసి వెంకట్రాజం, ఇక ఏ ఊరికి పోయినా మళ్ళీ పెట్టె మొత్తం మోయాల్సిందేనా అని సణిగాడు.

"నేను మోస్త తియ్యి" అన్నాడు సారంగపాణి. "నా క్లారినెట్ గూడ."