ఐరన్ లెక్కలో తప్పు నాది

అమెరికాలో మేముండే ఊరు నోవైలో మా వీధి చివర ఉండే మిత్రుడు కొన్నేళ్ల కిందట శనివారాల్లో తన బేస్‌మెంట్‌లో పిల్లలకు ఊరికే కెమిస్ట్రీ చెప్పేవాడు. అతను తప్పు నేర్పడం వల్లే మా అమ్మాయికి పరీక్షలో మార్కులు పోయాయని ఇక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు.

అణువులో కాదు, పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఉంటాయో రాసే పద్ధతి మా అమ్మాయికి కొరుకుడు పడలేదు. ఇంటర్‌లో నేను బట్టీ పట్టినట్టే తన చేతా పట్టించబోయాను: వన్ ఎస్ టూ, టూ ఎస్ టూ, టూ పీ సిక్స్... ఎక్కలేదు. అతను ఒక్క పూటలో ఎక్కించాడు.

"నాన్నా, ఇట్స్ లైక్ రూమ్మేట్స్! పీ అంటే త్రీ రూమ్స్. ఫస్ట్ అందరూ సెపరేట్ రూమ్ తీసుకుంటారు. రూమ్స్ అయిపోతేనే షేరింగ్. నువ్వూ అంకులూ మాస్టర్స్‌లో అలానే ఉన్నారంట కదా?"

ఉన్నాం. మరి ఆ పోలిక నాకెందుకు తట్టలేదు? నా దగ్గర చదువుతూ తనెప్పుడూ అలా నవ్వలేదు.

పరీక్ష ముందురోజు ఐరన్ టూ ప్లస్ గురించి అడిగింది. ఐరన్‌కి ఫోర్ ఎస్ నింపాక త్రీ డీ నింపుతాం. మరి రెండు ఎలక్ట్రాన్లు పోతే ఏవి పోతాయి?

"చివర నింపినవే. త్రీ డీలోంచి తీసెయ్."

"బట్ అంకుల్ ఫోర్ ఎస్ ఫస్ట్ అన్నారు. బయటున్నవాళ్లే ముందు వెళ్తారంట."

"అంకుల్ మర్చిపోయుంటాడమ్మా. కెమిస్ట్రీలో కాలేజీ టాపర్ని నేను."

నిజానికి నాకు సరిగ్గా గుర్తులేదు. ఫోన్‌లో చూస్తే తేలిపోయేది. అతనిదే రైటని తేలుతుందేమోనని చూడలేదు. తను నా మాటే రాసింది.

మార్కులు పోయాక మా ఆవిడ, "ఏమండీ, ఎవరో తప్పు చెప్పారంటోంది. ఆయనేనా?" అంది. ఔననలేదు, కాదనలేదు. ఆ వారం అందరం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆ మాట ప్లేటు ప్లేటుకీ చేరింది. ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు. మేమూ మాన్పించాం. అతని క్లాసు ఆగిపోయింది.

మొన్న అతని ఇంటికి వెళ్లి చెప్పేశాను.

"తెలుసురా," అన్నాడు. "అమ్మాయి అప్పుడే పేపర్ తెచ్చి చూపించింది. ఇంట్లో అనకు, నాన్న చిన్నబుచ్చుకుంటాడని నేనే చెప్పా."

ఇన్నేళ్లూ వాళ్లిద్దరికే తెలిసిన మాట అది. సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు ముందు పుట్టింది అసూయే. సిగ్గు తర్వాత వచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. మిగతా వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.